సి బుక్కు మీద పేరు

నా చిన్నప్పుడు మా మాదిగపేటలోకి మూడు రకాల బళ్ళే వచ్చేవి. ఎలక్షన్లప్పుడు మైకు కట్టిన జీపు, మావాళ్ళని వెతుక్కుంటూ పోలీసు జీపు, గుంటూరు పెద్దాసుపత్రి నుంచి శవాన్ని తెచ్చే వ్యాను. 1985 జూలై 17న కారంచేడు జరిగాక చాలా రోజులు, రాత్రిపూట ఇంజను చప్పుడు వినబడితే మా అమ్మ దీపం ఆర్పేసేది. కారు అనేది వూళ్ళో వుండేది, పేటలో కాదు. వానాకాలం పెద్ద కామందు అంబాసిడరు రేగడిలో దిగబడితే మావాళ్ళని కేకేసేవాళ్ళు. పదిమంది పోయి నెట్టేవాళ్ళు. చక్రం తిరిగి బురదంతా మొహాన పడేది. బండి కదలగానే అద్దం ఎత్తుకుని పోయేవాడాయన. నెట్టటానికి పనికొచ్చిన చేతులు తలుపు పిడి మీద పడకూడదు.

మావాళ్ళకి బళ్ళు తెలియవని కాదు. లారీ క్లీనర్లు, ట్రాక్టరు డ్రైవర్లు, ఆటోనగర్ మెకానిక్కులు మా పేటలో ఇంటికొకడున్నాడు. స్టీరింగు మావాడి చేతిలో వుంటుంది, సి బుక్కు కామందు బీరువాలో వుంటుంది. మా పేట మొత్తమ్మీద 2019 దాకా సొంత కారు లేదు.

2018లో మా అమ్మకి కిడ్నీలు పోయాయి. వారానికి రెండుసార్లు గుంటూరులో డయాలిసిస్. పోనూ రానూ 100 కిలోమీటర్లు. వైద్యం ఖర్చు సర్కారు కార్డు మీద పోయేది గానీ దారి ఖర్చు మాదే. డయాలిసిస్ అయిన మనిషిని షేరాటోలో ఎనిమిదిమంది మధ్య కూర్చోబెట్టి తీసుకురావటం ఎంత నరకమో తెచ్చినవాళ్ళకే తెలుస్తుంది. వూళ్ళో ఒకతని కారు అద్దెకి మాట్లాడాం. డబ్బులు ముందే తీసుకున్నాడు. బండి మాత్రం పేట మొదట్లో ఆపేసేవాడు. ‘లోపలికి తిరగదమ్మా’ అనేవాడు. సిమెంటు రోడ్డు, ఇసక ట్రాక్టర్లు తిరిగే రోడ్డు, అతని కారు ఒక్కదానికే తిరగదు. అమ్మ నా భుజం పట్టుకుని రెండు వందల గజాలు నడిచి బండి ఎక్కేది. తిరిగొచ్చాక మళ్ళీ నడిచేది. ఒకరోజు ఆమె దిగాక, అతను సీటు మీద పాత తువ్వాలు పరిచి వుంచటం చూశాను. మేం దిగగానే దాన్ని రెండు వేళ్ళతో తీసి డిక్కీలో పడేశాడు.

అంబేద్కర్ ‘వెయిటింగ్ ఫర్ ఎ వీసా’లో చెప్పుకున్న బండి ప్రయాణాలు నేను డిగ్రీలోనే చదివాను, కానీ ఆ తువ్వాలు చూసినరోజు మళ్ళీ తీశాను. 1901లో మసూర్ స్టేషన్లో దిగిన తొమ్మిదేళ్ళ పిల్లాడు. మహర్లని తెలియగానే బండివాళ్ళెవరూ రానన్నారు. చివరికి రెట్టింపు కిరాయిచ్చి, బండి పిల్లలే తోలుకుంటే, బండివాడు పక్కన నడిచొచ్చాడు. 1929లో చాలీస్‌గావ్‌లో అదే మనిషి బారిస్టరు. అయినా టాంగావాడు తోలనన్నాడు. బండి మాత్రం అద్దెకిచ్చాడు. తోలటం రాని మనవాడొకడు తోలితే చక్రం తగులుకుని అంబేద్కర్ కింద పడ్డాడు, కాలు విరిగింది. చదువుకున్నవాళ్ళు ఈ రెండో కథలో అవమానం దగ్గర ఆగిపోతారు. నాకు ఆ పగ్గాల దగ్గర ఆగాలనిపిస్తుంది. బండి వుంటే చాలదు, తోలటం రావాలి. అందుకని నేను ముందు లైసెన్సు తీసుకున్నాను. ఎల్లెల్లార్ తీసుకుని నెలాగి, పరీక్షకి పోయి, కార్డు చేతికొచ్చాకే బండి వెతకటం మొదలుపెట్టాను. స్కూల్లో సాటి పంతుళ్ళు ‘మీకెందుకు టీచరుగారూ, డ్రైవర్ని పెట్టుకోండి’ అన్నారు. నేను నవ్వి వూరుకున్నాను.

కొత్త కారుకి స్తోమతు లేదు. చీటీ పాడితే 2 లక్షల 40 వేలు వచ్చింది. అందులో 30 వేలు పక్కన పెట్టేశాను. ఎందుకంటే పాత బండి ధర అంటే అమ్మేవాడు చెప్పిన ధర కాదు. పేరు మార్పు, ఇన్సూరెన్సు, బ్యాటరీ, ఒకటో రెండో టైర్లు వెంటనే మీద పడతాయి. ఇన్సూరెన్సులో పాతాయనకున్న నో క్లెయిమ్ బోనస్ ఆయన వెంటే పోతుంది, మనకి రాదు. ఇది చాలామంది బేరంలో దాచిపెడతారు.

మా పిన్ని కొడుకు ఆటోనగర్లో మెకానిక్కు. వాడూ, నేనూ, మా నాయనా ముగ్గురం బయల్దేరాం. నాయన దేనికని తమ్ముడు గునిశాడు. నాయన చెప్పులు కుట్టినవాడు. అంతకుముందు తాత కాలంలో తంగేడు చెక్కతో తోళ్ళు వూనబెట్టిన ఇల్లు మాది. మోటబావులకి తొండాలు కుట్టి ఇచ్చినవాళ్ళం. ఆయనకి గేరంటే ఏమిటో తెలియదు. అయినా రమ్మన్నాను.

పాత బళ్ళు అమ్మే యార్డు అది. పేరెందుకులెండి. యజమాని కుర్చీలోంచి లేచి తమ్ముడికి షేక్‌హ్యాండిచ్చాడు. డబ్బు నా సంచిలో వుంది, మాటలు తమ్ముడితో. ‘కొనేది అక్కండీ’ అని వాడు రెండుసార్లు చెప్పాక నావైపు తిరిగి ‘మేడమ్, ఏ వూరండీ మీది?’ అన్నాడు. చెప్పాను. ‘ఆ వూళ్ళో ఎవరి తాలూకండీ?’ ఇంటిపేరు చెప్పాను. ‘ఓహో. అయితే అమ్మాయ్, నీకు ఇదిగో, ఈ ఆల్టో చాల్తుంది’ అన్నాడు. ఇంటిపేరుకీ ఆల్టోకీ మధ్యలో మేడమ్ అమ్మాయయింది, మీరు నువ్వయింది. 

ఆల్టో మాత్రం అద్దంలా మెరుస్తోంది. 2013 మోడలు. మీటరు మీద 38 వేల కిలోమీటర్లు. సింగిల్ హ్యాండు, డాక్టరుగారి బండి. అమ్మకానికొచ్చిన ప్రతి బండీ డాక్టరుగారిదే, లేకపోతే లేడీ లెక్చరర్‌ది. తమ్ముడు బానెట్టు ఎత్తాడు. నాయన డ్రైవరు వైపు తలుపు తీసి నేల మీద గొంతుక్కూర్చుని పెడళ్ళు తడుముతున్నాడు. కాసేపటికి నన్ను పిలిచాడు.

‘అమ్మా, ఎంత తిరిగిందన్నాడు?’

‘38 వేలు నాయనా.’

‘ఈ రబ్బరు చూడు. గీతలన్నీ నున్నగా అయిపోయినయ్. ఎడం అంచు పల్చబడి ఇనుము కనబడతా వుంది. ఈ సీటు చూడు, దిగేటప్పుడు తొడ ఆనే చోటు కుంగి, దారం తెగింది. చెప్పు మడమ చూస్తే ఆ మనిషి ఏ కాలు ఈడుస్తాడో చెప్తాం గదా. ఈ బండికి అసలు మడమే లేదమ్మా. ఇది చాలా నడిచింది.’

యార్డాయన నవ్వాడు. ‘పెద్దాయనకి చెప్పుల సంగతి తెల్సుగానీ కార్ల సంగతేం తెలుస్తుంది’ అన్నాడు. నాయన ఏమీ అనలేదు. తమ్ముడు పక్కకెళ్ళి, తనకి తెలిసిన కంపెనీ సర్వీసు సెంటర్లో కుర్రాడికి నంబరు చెప్పి ఫోన్ చేశాడు. 2017లో సర్వీసుకొచ్చినప్పుడే ఆ బండి మీటరు 1 లక్షా 7 వేలు. రెండేళ్ళలో బండి వెనక్కి నడిచి 38 వేలకి వచ్చిందన్నమాట.

దీన్ని కొంచెం వివరంగా చెప్తున్నాను, మనవాళ్ళకి పనికొస్తుందని. మీటరు తిప్పటం చిటికెలో పని. కానీ అరుగుదలని తిప్పటం కష్టం. పెడల్ రబ్బర్లు, స్టీరింగు మీద చేతులు ఆనే చోటు, గేరు రాడ్డు మొన, డ్రైవరు సీటు అంచు ఈ నాలుగూ చూడండి. కొందరు తెలివిగా కొత్త రబ్బర్లు వేస్తారు. 38 వేలు తిరిగిన బండికి కొత్త రబ్బర్లెందుకని అడగండి. టైరు మీద నాలుగంకెలుంటాయి. 2315 అని వుంటే 2015వ సంవత్సరం 23వ వారంలో తయారైందని లెక్క. తక్కువ తిరిగిందన్న బండికి టైర్లు బండికన్నా బాగా చిన్నవైతే అనుమానించాల్సిందే.

రెండో బండి గురించి రాయాలని లేదు, కానీ రాయకపోతే ఈ వ్యాసం ఎందుకు? ఒక రిటైర్డ్ ఆఫీసరు, సొంతిల్లు, ఇంటిముందు తులసికోట. స్విఫ్టు. బండి నిజంగా బాగుంది. తమ్ముడు వంక పెట్టలేకపోయాడు. 2 లక్షల పదివేలకి కుదిరింది. 10 వేలు అడ్వాన్సిచ్చాను. కాఫీ ఇచ్చారు, గాజు గ్లాసుల్లో. మర్నాడు పేరు మార్పుకి నా ఆధార్ కాపీ పంపాను. మా పేట పేరు అందులో వుంది. దానికి ముందు అంబేద్కర్ కాలనీ అని కూడా వుంది. సాయంత్రం ఫోను. ‘ఏమీ అనుకోకమ్మా. మా ఆవిడకి ఆ బండంటే సెంటిమెంటు. తిరపతికి దాంట్లోనే వెళ్ళొచ్చాం. ఇంట్లో వద్దంటున్నారు.’ అడ్వాన్సు పైసాతో సహా తిప్పి పంపాడు. వారం తిరక్కుండా ఆ స్విఫ్టు వేరేవాళ్ళకి అమ్మాడని ఆటోనగర్లోనే తెలిసింది.

కేసు పెట్టమని మా సంఘం కుర్రాళ్ళన్నారు. ఏమని పెడతాం? తిట్టలేదు, కొట్టలేదు, డబ్బు ఎగ్గొట్టలేదు. ఎంతో మర్యాదగా మాట్లాడాడు. వూళ్ళో కామందు అద్దం ఎత్తుకుని పోయాడు, పట్నంలో ఈయన ఫోన్లో సారీ చెప్పాడు. ఇద్దరిలో మా నాయనకి కామందే అర్థమవుతాడు. ‘ఆయన సీటు మీద నువ్వు కూకుంటే ఆయనకేం పోద్దే? అమ్మేసినాక ఆయనది కాదు గదా’ అని ఆ రాత్రి చాలాసేపు అడుగుతూనే వున్నాడు. 

మూడోది వేగనార్, 2012 మోడలు. రైల్వేలో చేసి రిటైరైన ఆయనది. ఫోన్లోనే చెప్పేశాను, మాది ఫలానా పేట, మేం మాదిగలం, అభ్యంతరమేమన్నా వుంటే ఇప్పుడే చెప్పండి, చార్జీలు దండగ అని. అవతల ఒక్క క్షణం నిశ్శబ్దం. ‘అభ్యంతరం బండికుండాలమ్మా, దానికి క్లచ్చి కొంచెం గట్టిగా వుంటుంది’ అన్నాడాయన. 

తెల్లారి ఆరింటికే పోయాం. తమ్ముడి షరతు అది, ఇంజను చల్లగా వుండాలి. ముందే వేడి చేసి పెట్టిన ఇంజను జబ్బుని దాచేస్తుంది. బానెట్టు మీద చెయ్యిపెట్టి చూశాడు, చల్లగానే వుంది. స్టార్టు చేసినప్పుడు వెనక పొగ చూడమన్నాడు నన్ను. నీలంగా వస్తే ఆయిలు తగలబడుతున్నట్టు, ఇంజను బోరుకొచ్చినట్టు. వేడెక్కాక కూడా తెల్లగా దట్టంగా వస్తూనే వుంటే లోపలికి నీళ్ళు పోతున్నట్టు. ఆయిలు మూత తీసి అడుగున మీగడలాంటిది పట్టిందేమో చూశాడు. హ్యాండుబ్రేకు వేసి మూడో గేరులో క్లచ్చి వదిలాడు. బండి ఠక్కున ఆగిపోయింది. అలా ఆగితేనే క్లచ్చి ప్లేటు వున్నట్టు. డిక్కీలో స్టెప్నీ తీసి కింద తుప్పు చూశాడు, సీటుబెల్టు చివరిదాకా లాగి మట్టి మరకలు చూశాడు. 2015 డిసెంబరులో చెన్నై వరదల్లో మునిగిన బళ్ళు మనదాకా వస్తాయేమోనని వాడి భయం. నాయన మామూలుగా పెడళ్ళ దగ్గర కూర్చున్నాడు. మీటరు 61 వేలు. ‘ఇది నిజం చెబుతా వుంది’ అన్నాడు.

కాగితాల దగ్గర నేను గట్టిగా నిలబడ్డాను. బ్యాంకు అప్పు తీరిందని ఆయనన్నాడు, తీరింది కూడా. కానీ సి బుక్కు మీద బ్యాంకు పేరు అలాగే వుంది. బ్యాంకు నుంచి ఎన్‌ఓసీ, ఫారం 35 తెచ్చి ఆ పేరు తీయిస్తే తప్ప పూర్తి డబ్బివ్వనన్నాను. తమ్ముడు ‘తర్వాత చూసుకోవచ్చక్కా, మంచాయన’ అన్నాడు. మంచాయనే. కానీ తరతరాలుగా మనం మంచాయన నోటిమాట మీద భూములు దున్నినవాళ్ళం, కాగితం వేరేవాళ్ళ పేరున వుండిపోయింది. ఫారం 29, ఫారం 30 మీద నా ఎదుట సంతకాలు. ఇంజను నంబరు, చాసిస్ నంబరు పుస్తకంతో సరిపోల్చుకున్నాను. పాత చలాన్లు ఆన్‌లైన్లో చూసి ఆయన చేతే కట్టించాను. 

కొందరు ఖాళీ ఫారాల మీద సంతకాలు పెట్టించుకుని ఏళ్ళకేళ్ళు పేరు మార్చరు. బండి వీడి దగ్గర, పేరు వాడిది. గుద్దితే ఎవరు కట్టాలి? రిజిస్టరులో పేరున్నవాడే ఓనరని సుప్రీంకోర్టు 2018లో తేల్చేసింది. అందుకని పేరు మార్పు అమ్మేవాడికీ అవసరమే అని ఆయనకి చెప్పాను. ‘పంతులమ్మవి అనిపించుకున్నావు’ అన్నాడు. 2023 ఏప్రిల్ నుంచి పాత బళ్ళ డీలర్లకి కూడా అధికార పత్రం వుండాలని కేంద్రం రూలు పెట్టింది. యార్డుకి పోయేవాళ్ళు ముందు అది చూపించమనండి. 

2 లక్షల 5 వేలు. బండి నేనే తోలుకొచ్చాను. వూరి మధ్యనుంచే వచ్చాను, చుట్టుదారి వున్నా. గేరు మార్చటంలో రెండుసార్లు ఎగిరింది. రచ్చబండ దగ్గర వున్నవాళ్ళు చూశారు. పేటలో బండి మా గుమ్మం ముందు ఆగింది, ఆ ‘తిరగని’ రోడ్డు మీదే. వెనక సీటు కుట్టు ఒకచోట విడిపోయి వుంటే నాయన ఆరె తెచ్చుకుని, మైనం రాసిన దారంతో కుట్టేశాడు. ఇప్పటికీ ఆ కుట్టు తెగలేదు.

అమ్మ 2021 దాకా దాని ముందు సీట్లో కూర్చుంది. వారానికి రెండుసార్లు. ఒక్కరోజు కూడా దారిలో ఆగలేదు, ఒకసారి పంచరు తప్ప. పేటలో నాలుగు కాన్పులకి, గ్రూప్స్ పరీక్షలకి, ఒకసారి కోర్టు వాయిదాకి అదే పోయింది. 2027లో సి బుక్కు గడువు 15 ఏళ్ళు నిండుతుంది. ఫిట్‌నెస్ చేయిస్తే ఇంకో 5 ఏళ్ళు తిరగొచ్చు.

ఇప్పుడు మా పేటలో ఆరు కార్లున్నాయి, అన్నీ పాతవే. కొనేముందు ఇంజను చూడటానికి తమ్ముణ్ణి తీసుకుపోతారు, పెడళ్ళు చూడటానికి నాయన్ని. వచ్చే ఆదివారం బాపట్లలో ఎవరిదో స్విఫ్టు చూడాలంట. నాయన తెల్ల చొక్కా ఇస్త్రీకి ఇచ్చాడు.