పొలిమేర మాట

మనిషి నోరు విప్పగానే అతని ఊరు, ఇల్లు, చదువు బయటపడతాయని పెద్దలంటారు. ఎర్రుపాలెంలో పుట్టిన మాకు ఈ సత్యం బాల్యంలోనే అనుభవానికి వచ్చింది. 1956 వరకు మా ఊరు హైదరాబాదు రాజ్యపు పొలిమేర. ఆవల నాటి కృష్ణా జిల్లా. 2014 నుండి అది మళ్ళీ రెండు రాష్ట్రాల సరిహద్దు. మాకు ఇంట్లో దక్కనీ ఉర్దూ, వీధిలో తెలుగు. ఆ రెండూ ఎక్కడ కలిసిపోయేవో మాకే తెలిసేది కాదు.

ఒకనాడు జబ్బుపడిన మా దాదీమాను రైలులో విజయవాడ తీసుకువెళ్ళాము. "దవాఖానా ఎటు బాబూ?" అని ఆమె దారిలో ఒకరిని అడిగితే ఆయన నవ్వాడు. చీటీలు వ్రాసే గుమాస్తాతో "కడుపులో దర్దు" అన్నప్పుడు వరుసలో నిలిచిన వారందరూ నవ్వారు. మేము సిగ్గుతో కుంచించుకుపోయి, "మీరు మాట్లాడకండి దాదీమా, నేను చెబుతాను" అన్నాము. తిరుగు ప్రయాణంలో ఆమె పెదవి విప్పలేదు. ఎర్రుపాలెం స్టేషనులో దిగగానే పొరుగింటి రైతు ఇల్లాలు "ఎట్లా ఉంది పిన్నీ, ఒంట్లో?" అని పలకరించింది. అప్పుడు గాని దాదీమా గొంతు పెగలలేదు.

చదువుకున్న తరువాత తెలిసింది: దవా అరబ్బీ, ఖానా పారశీకం. మరి ఆసుపత్రి? ఇంగ్లీషు హాస్పిటలే కదా! రైతు, వకీలు, దరఖాస్తు, దస్తావేజు, చివరకు ఆ నవ్విన గుమాస్తా హోదా పేరు కూడా అరువు మాటలే. హైదరాబాదు చేరితే మా "అండీ" విని కొందరు మమ్ము ఆంధ్రావారన్నారు; మా "నక్కో" విని శుద్ధ ఉర్దూ నేర్చినవారు ముఖం చిట్లించారు.

1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఉర్దూ బోధనాభాషగా ఉన్ననాడు తెలుగు పలుకు చిన్నబోయింది. కాలం మారి ఉర్దూ పలుకు చిన్నబోయింది. భద్రాచలం అడవులలోని కోయ పిల్లలు తమ భాషను ఇంటివద్దనే విడిచి బడికి రావలసి వస్తున్నది. మాటలో లోపమెన్నడూ లేదు. పెత్తనం మాత్రమే చేతులు మారుతున్నది.

దాదీమా నేడు లేదు. ఆనాడు నవ్వినవారిని మేము ఎప్పుడో మరచిపోయాము. ఆమె నోరు మూయించినది మాత్రం మేమేనన్న సంగతి మరువలేకున్నాము. సోదర విద్యార్థులారా, మీ తరగతిలో ఎవరి మాటైనా మీకు వింతగా వినిపిస్తే, నవ్వే ముందు ఒక్క క్షణం ఆగండి. ఆ మాట వెనుక ఒక ఇల్లున్నది.