అదనపు పట్టీ

కర్మాగారంలో వందల టన్నుల యంత్రాలను విప్పి బిగించడంలో ముప్పది ఏండ్లు గడిపిన మాకు, ఇంటి వెనుక షెడ్డులోని చిన్న కారుకు కమాను కట్ట మార్చడానికి పదకొండు ఆదివారాలు పట్టినదంటే సహోద్యోగులు నవ్వవచ్చు. నవ్విన వారిలో మా శ్రీమతి ప్రథమురాలు.

కారు 1968 నాటి స్టాండర్డ్ హెరాల్డ్. తెనాలిలో ఉద్యోగం చేస్తున్న రోజుల్లో, 1974లో, మా నాన్నగారు సెకండ్ హ్యాండులో కొన్నారు. ఇంగ్లండులో 1959లో వెలువడిన ట్రయంఫ్ హెరాల్డును మద్రాసులోని స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ వారు 1961 నుండి మన దేశంలో తయారుచేశారు. దానికి రూపకల్పన చేసినవాడు ఇటలీ దేశీయుడు జొవాన్ని మికెలొత్తి. ఇదే చట్రాన్ని కురుచ చేసి 1962లో స్పిట్‌ఫైర్ అనే స్పోర్ట్స్ కారును నిర్మించారు. ఆ విధంగా మా కారు స్పోర్ట్స్ కారుకు స్వయానా అక్కగారు. ఈ బంధుత్వాన్ని చిన్ననాడు బడిలో మేము ఎంత వాడుకొన్నామో చెప్పనలవి కాదు.

అంబాసిడరు వంటి కార్లకు వెనుక రెండు కమాను కట్టలు నిలువుగా, ఒక్కొక్క చక్రానికి ఒకటి చొప్పున ఉంటాయి. హెరాల్డుకు, స్పిట్‌ఫైరుకు ఉన్నది ఒక్కటే. అది డిఫరెన్షియల్ నెత్తిన అడ్డంగా కూర్చొని, రెండు చేతులు చాచినట్లు రెండు చక్రాలను పట్టుకొని ఉంటుంది. పొడవైన మూల పట్టీ అన్నిటికంటె అడుగున, పొట్టివి దాని పైన. లారీ కమానుకు సరిగా తలక్రిందులు. ఈ కట్ట బరువు మోయడమే కాదు, చక్రం పైభాగాన్ని నిలిపి ఉంచేది కూడ ఇదే. మూల పట్టీ విరిగినదంటే చక్రం ఒరిగిపోతుంది.

2023 వేసవిలో కారు వెనుక కుడి ప్రక్క రెండు వ్రేళ్ళ మేర క్రుంగినట్లు కనిపించినది. వెనుక సీటు ఎత్తి, దాని క్రింది రేకు విప్పి, టార్చి వేసి చూశాము. మూల పట్టీకి మధ్య రంధ్రం దగ్గర వెంట్రుక వంటి చీలిక ఉన్నది. రంధ్రం వద్ద ఒత్తిడి పోగుపడుతుందని కొత్తగా చేరిన ట్రైనీలకు మేమే బోధిస్తూ ఉంటాము.

విప్పడంలో జరిగిన అవమానాన్ని దాచడం న్యాయం కాదు. చట్రాన్ని స్టాండ్ల మీద నిలిపి, చక్రాలు తీసి, హబ్బు క్రింద జాకీ పెట్టి, షాక్ అబ్సార్బరు బోల్టు ఊడదీశాము. పట్టీ చివరి చుట్టలోని బోల్టు మాత్రం తుప్పుతో అతుక్కొనిపోయినది. సుత్తితో నాలుగు దెబ్బలు వేయగానే జాకీ జారి, కమాను తటాలున క్రిందికి విదిల్చినది. ఎడమ బొటనవ్రేలి గోరు పోయినది, చేయి దక్కినది. ఏటా మార్చి నెలలో భద్రతా వారోత్సవాలలో ఉపన్యసించే పెద్దమనిషి జాకీకి చెక్క అడ్డు పెట్టడం మరచినాడని మా శ్రీమతి డాక్టరు గారికి సవిస్తరంగా చెప్పినది.

కట్టను గోనెసంచిలో చుట్టుకొని రాత్రి రైలులో విజయవాడ ఆటోనగరుకు వెళ్ళాము. ఒక కమాను పనివారి కొలిమి వద్ద ముసలి మేస్త్రి గారు పట్టీలను విడదీసి నేలపై పరచి, నడుమ నుండి ఒకదానిని కాలి బొటనవ్రేలితో ప్రక్కకు నెట్టారు. "ఇది దీంది కాదు సార్. లారీ పట్టీ. అంచులు రాపాడించి కలిపారు." మాకు తెలుసు. 1976లో నాన్నగారు వేయించినదే. మూల పట్టీతో పాటు దానిని కూడ అచ్చముగా అట్లే చేయించాలన్న పట్టుదలతోనే వెళ్ళాము. ఆయన 2009లో గతించారు. ఆయన చేయించినదానిని మార్చే హక్కు మాకెక్కడిది?

"బండిలో ఎంతమంది కూర్చుంటారు సార్?" అని అడిగారు మేస్త్రి గారు.

ఒకప్పుడు ఏడుగురము. ఆ మాటే నోటి చివరి వరకు వచ్చినది. నాయనమ్మ లేదు, నాన్నగారు లేరు. అన్నయ్య అమెరికాలో, చెల్లెళ్ళు పూనాలో, సికింద్రాబాదులో. ఇంకొక గంటలో చెబుతామని బయటి టీ కొట్టు వద్దకు వచ్చి కూర్చున్నాము.

శాస్త్రం మాకు తెలియనిది కాదు. బరువు లేని కారుకు గట్టి కమాను ఉంటే వెనుక భాగం పైకి లేచి, చక్రాల అడుగులు లోపలికి ముడుచుకొంటాయి. మలుపులో వేగంగా తిప్పితే బయటి చక్రం కారు క్రిందికి మడతపడుతుంది. స్పిట్‌ఫైరు తయారీదారులే ఈ తిప్పలు పడి, 1970లో నాలుగవ నమూనాకు అడుగు పట్టీని మాత్రమే బిగించి, పై పట్టీలు ఇరుసు మీద ఊగేటట్లు మార్చారు. ఇదంతా ఎరిగి కూడ అమ్మకు ఫోను చేశాము.

"అది మీ నాయనమ్మ కోసం వేయించార్రా," అన్నది అమ్మ. "ఆవిడ కూర్చున్న వైపు కారు ఒరిగేది. పిల్లలు నవ్వుతున్నారు, నేను బస్సులో వస్తానని పేచీ. మీ నాన్నగారు ఎవరితో అనకుండా బెజవాడ వెళ్ళి పట్టీ వేయించుకొచ్చారు. ఆవిడకి కూడా చెప్పలేదు."

నవ్విన పిల్లలలో మేమూ ఉన్నాము.

"మరి ఇప్పుడేం చేయమంటావు?"

"తీసేయించు. ఆ కుదుపులకి నా నడుం విరిగిపోతోంది. నువ్వు బాధపడతావని ఇన్నాళ్ళూ ఊరుకున్నాను."

మేస్త్రి గారు సిలికో మాంగనీసు ఉక్కుతో కొత్త మూల పట్టీ కోసి, చివరలు చుట్ట చుట్టి, ఎర్రగా కాల్చి వంపు తీసి, నూనెలో చల్లార్చి, మరల తగుమాత్రం కాల్చి పదును పెట్టారు. ఉష్ణమాపకం వంటిదేదీ లేదు, రంగు చూసుకోవడమే. తక్కిన పాత పట్టీలకు వంపు సరిచేసి, మధ్య గ్రాఫైటు గ్రీజు పూశారు. లారీ పట్టీని విడిగా కాగితంలో చుట్టి ఇచ్చారు. అది ఇప్పుడు షెడ్డులో మేకుకు వ్రేలాడుతున్నది.

బిగింపులో మరొక పొరపాటు. చక్రాలు వ్రేలాడుతుండగానే చుట్టలలోని బోల్టులు బిగించివేశాము. దించేసరికి కారు కొంగ కాళ్ళ మీద నిలిచినట్లు నిలిచినది. లోపలి రబ్బరు బుష్‌లు మెలిపడినందువల్ల వచ్చిన తంటా అది. కారు బరువంతా చక్రాల మీద ఉన్నప్పుడే ఆ బోల్టులు బిగించాలి. వదులు చేసి, మరల బిగించడానికి ఇంకొక ఆదివారం ఖర్చయినది.

మొదటి ప్రయాణం అమ్మతోనే. టౌన్‌షిప్ గేటు దగ్గరి స్పీడ్ బ్రేకరు దాటి ఆసుపత్రి మలుపు తిరిగిన తరువాత, "గేటు ఇంకా రాలేదేంరా?" అని వెనుక సీటులో నుండి అడిగినది.

500 కిలోమీటర్లు తిరిగిన తరువాత డిఫరెన్షియల్ పైనున్న నట్లను మరొకసారి బిగించవలసి ఉన్నది. ఇప్పటికి 310 అయినవి.