చెట్టు మీద కాదు, చెట్టు పక్కన

సెలవుల్లో జమ్మలమడుగు దగ్గర మా ఊరికి పోతే అక్క పిల్లలు పట్టుకున్నారు. "మామా, పెరట్లో వేపచెట్టు మీద ఇల్లు కట్టియ్యి!" యూట్యూబ్‌లో చూశారంట.

లాప్‌టాప్‌లో డిజైన్ గీశా. ముగ్గురు పిల్లలు, ఒక్కొక్కరు 30 కిలోలు. ఎగరకుండా ఉండరు కాబట్టి 300 కిలోలకు లెక్కేశా. ఎత్తు 5 అడుగులు, చుట్టూ కంచె. దూలాలను మానుకు తాడుతో బిగించి కట్టేద్దామనుకున్నా.

అబ్బ స్క్రీన్ చూసి ఒకటే అడిగాడు: "మాను లావయితే తాడు ఏమయితాది?"

నా లెక్కలో పిల్లల బరువుంది, చెట్టు ఎదుగుదల లేదు. తాడు బెరడులోకి దిగితే ఆకుల్లో తయారైన ఆహారం వేర్లకు చేరదు. చెట్టు మెల్లగా చస్తుంది. ఆ వేపను నాటింది మా జేజి. ఆమె ఇప్పుడు లేదు.

"జొన్నచేలో మంచె చూడలేదా నువ్వు?" అన్నాడు అబ్బ. నాలుగు గుంజలు, పైన పలకలు. చిన్నప్పుడు వడిసెల పట్టుకుని పిట్టలు తోలింది దానిమీద నుంచేనంట.

వేప నీడలోనే మంచె వేశాం. పెద్ద వేర్లు తగలకుండా చూసుకుని రెండడుగుల లోతు గుంతలు తీశాం. మానుకూ పలకలకూ మధ్య జానెడు సందు వదిలాం. చెట్టుకు ఒక్క మేకు కొట్టలేదు.

"ఇది ట్రీహౌస్ కాదు కదా మామా" అని చిన్నోడు మూతి ముడిచాడు. పైకెక్కి, కొమ్మ చేతికందాక ఆ మాటే మర్చిపోయాడు.