రెండు ఆటల మధ్య

మా ఇంట్లో రాత్రి భోజనం ఇప్పటికీ తొమ్మిదింబావుకే. కొత్తగా వచ్చిన చుట్టాలు ఎనిమిది నుంచే వంటింటి వైపు చూస్తుంటారు. వాళ్లకు ముందే వడ్డించేస్తాను కానీ, ఇంట్లోవాళ్లం కంచాల ముందు కూర్చోవడం మాత్రం ఆ వేళకే. అది మావయ్యగారి కోసం పెట్టుకున్న వేళ. ఆయన పోయి మొన్న మాఘమాసానికి మూడేళ్లు నిండాయి.

పాలకొల్లులో ఒక సినిమా హాల్లో ఆయన 38 ఏళ్లు ఆపరేటరు. మొదటి ఆట వదిలేసరికి తొమ్మిదయ్యేది. రెండో ఆటకు తొమ్మిది ముప్పావుకల్లా బొమ్మ పడాలి. ఈ మధ్యలో సైకిలెక్కి ఇంటికొచ్చి, కాళ్లు కడుక్కుని, అందరితో కలిసి తిని మళ్లీ వెళ్లేవారు. స్లైడ్లు వెయ్యడం, ఘంటసాల పాడిన వేంకటేశ్వరస్వామి పాట పెట్టడం వరకూ అసిస్టెంటు కుర్రాడు చూసుకునేవాడు. ఆ పాట అయ్యేలోపు మావయ్యగారు క్యాబిన్ మెట్లెక్కాలి. రానూపోనూ పట్టే సమయం తీసేస్తే ఇంట్లో ఉండేది ఇరవై నిమిషాలు.

1988లో కోడలిగా వచ్చిన కొత్తలో ఈ పద్ధతి నాకు అర్థం కాలేదు. కోనసీమలో మా పుట్టింట్లో దీపాలు పెట్టిన గంటకల్లా తినేసి పడుకునేవాళ్లం. ఆకలికి ఆగలేక ఒకరోజు అత్తయ్యగారిని అడిగాను, ఎవరి వేళకు వాళ్లం తినేస్తే ఏమవుతుందని. "ఆయన రోజంతట్లో మనకి దొరికేది ఆ కాసేపేనమ్మా. అది కూడా వదిలేసుకుంటామా?" అన్నారావిడ. ఇంకెప్పుడూ అడగలేదు.

ఆ ఇరవై నిమిషాల్లో మావయ్యగారు మాట్లాడేది తక్కువ. ఒక్కొక్కరినీ ఒక్కో మాట అడిగేవారు, అంతే. కానీ అది అందరూ అడిగే మాట కాదు. ఆడపడుచును "ఆ పిల్ల పెన్ను తిరిగిచ్చిందా?" అనేవారు, మూడు రోజుల కిందటి గొడవ గుర్తుపెట్టుకుని. నన్ను "మీ చెల్లి దగ్గర్నించి ఉత్తరం వచ్చిందా అమ్మాయ్?" అనేవారు. రాలేదంటే మర్నాడు మళ్లీ అడిగేవారు. చారన్నం తర్వాత కాస్త పెరుగన్నం కలిపి, ఆవకాయ ముక్క అద్ది, పిల్లల చేతుల్లో తలో ముద్ద పెట్టి లేచేవారు. మా అబ్బాయికి ఇప్పుడు ముప్పై దాటాయి. పెరుగన్నం తింటూ ఒక్కోసారి చెయ్యి చాచి, వెంటనే వెనక్కి తీసుకుంటాడు. నేను చూడనట్టు ఉంటాను.

పాలకొల్లు అనగానే అందరికీ అల్లు రామలింగయ్య, దాసరి నారాయణరావు, కోడి రామకృష్ణ గుర్తొస్తారు. న్యాయమే. తెర మీద వాళ్ల పేర్లు పడితే మా ఊరి హాళ్లలో మోగే ఈలలు నేనూ విన్నాను. ఆ పేర్లు తెర మీదికి పంపే చెయ్యి ఎలా ఉంటుందో మాత్రం, పెళ్లయిన రెండో ఏడు క్యాబిన్‌లోకి క్యారేజీ పట్టుకెళ్లేదాకా నాకూ తెలియదు. ఆ రోజు అసిస్టెంటు రాలేదని ఆయన ఇంటికి రాలేకపోయారు.

చిన్న గది, కొలిమిలా ఉంది. పక్కపక్కన రెండు ఫోటోఫోన్ ప్రొజెక్టర్లు. ఒక్కోదాని పొట్టలో రెండు కార్బన్ పుల్లలు ఎదురెదురుగా మండుతుంటాయి. ఆ మంటను నల్లద్దంలోంచే చూడాలి, సూర్యుణ్ణి చూసినట్టు. పుల్లలు అరిగేకొద్దీ మధ్య ఎడం పెరుగుతుంది, ఎడం పెరిగితే తెర మీద వెలుగు తగ్గుతుంది. అందుకని మరను కొంచెం కొంచెం తిప్పుతూనే ఉండాలి. ఫిలిం నిమిషానికి 90 అడుగులు పరిగెడుతుంది. రెండు వేల అడుగుల చుట్ట ఇరవై రెండు నిమిషాలకు అయిపోతుంది. ఈలోపు పక్క మిషన్‌లో తర్వాతి చుట్ట ఎక్కించి సిద్ధంగా ఉంచాలి. చుట్ట అయిపోవచ్చే ముందు బొమ్మ పై కుడిమూల చిన్న చుక్క కనిపిస్తుంది. అది పడగానే రెండో మిషన్ మోటారు వెయ్యాలి. ఏడెనిమిది సెకన్లకు ఇంకో చుక్క. అప్పుడు ఇటు మూసి అటు తెరవాలి. కింద కూర్చున్నవాళ్లకు మారినట్టు తెలియకూడదు. నిజంగానే నాకు ఎన్నడూ తెలియలేదు. అన్ని సినిమాలు చూశాను, ఆ చుక్కను ఒక్కసారీ చూడలేదు.

ఆ రోజు చుక్క చూపించడానికి నన్ను గోడలో ఉన్న కంత దగ్గర నిలబెట్టారు. నేను తెర కంటే జనాన్నే ఎక్కువ చూశాను. నేల మీద, బెంచీల మీద, కుర్చీల్లో అన్నీ వీపులే. "ఇంతమందికి చూపిస్తున్నారు, ఒక్కరైనా మీకేసి చూడరేంటి మావయ్యగారూ" అన్నాను. ఆయన మర తిప్పుతూనే అన్నారు: "చూడకపోవడమే మంచిదమ్మాయ్. ఫిలిం తెగితేనో, లైటు పోతేనో వెనక్కి తిరుగుతారు. వాళ్లు తిరిగారంటే నేనేదో తప్పు చేశానన్నమాట."

ఆ మాట అప్పుడు సినిమా గురించే అనుకున్నాను. మా ఇంటి సంగతులు ఒక్కొక్కటీ తెలుస్తున్నకొద్దీ అది నాకు వేరేగా వినపడటం మొదలైంది. ఆడపడుచు కాలేజీ ఫీజు ఏనాడూ ఆలస్యం కాలేదు. అత్తయ్యగారి మందుల సీసా ఖాళీ అవకముందే పక్కన కొత్త సీసా ఉండేది. బియ్యం డబ్బా అడుగు నేను చూడలేదు. ఇంట్లో ఏదీ తెగలేదు కాబట్టి మేమెవ్వరం ఆయన వైపు తిరిగి చూడలేదు. ఇది తలుచుకుంటే నాకు గర్వంగానూ ఉంటుంది, సిగ్గుగానూ ఉంటుంది.

1996 నవంబరు 6 రాత్రి కోనసీమ మీద తుపాను విరుచుకుపడింది. మా పుట్టిల్లు అమలాపురం దగ్గర పల్లె. కబురు లేదు, ఫోన్లు లేవు. కొబ్బరిచెట్లన్నీ పడిపోయాయని, జనం కొట్టుకుపోయారని మాత్రం ఊళ్లో చెప్పుకుంటున్నారు. నేను పొయ్యి దగ్గర కూర్చుని ఏడుస్తున్నాను. మా వైపూ కరెంటు లేక ఆటలు ఆగిపోయాయి. ఏళ్ల తరబడి పనిలో దొరకని సాయంత్రాలు ఆయనకు ఒక్కసారిగా దొరికాయి. సైకిలు వెనక సీటుకి బియ్యం మూట, హ్యాండిలుకి కిరసనాయిలు డబ్బా, లాంతరు కట్టుకుని బయల్దేరారు. "మీ వయసుకి ఎందుకండీ" అని అత్తయ్యగారు అడ్డం పడితే, "దానికి తెలియాలిగా" అన్నారు, నావైపు చూసి.

నరసాపురంలో పంటు ఎక్కి సఖినేటిపల్లి రేవులో దిగారట. అక్కణ్ణించి ముందుకెళ్లేకొద్దీ రోడ్డు మీద అడ్డంగా చెట్లు. సైకిలు భుజాన పెట్టుకుని మొద్దులు దాటుకుంటూ, వైనతేయ పాయ దగ్గర మళ్లీ పడవ ఎక్కి, మర్నాడు సాయంత్రానికి మా ఇంటికి చేరారు. ఇంటి కప్పు లేచిపోయింది, మనుషులు బతికి ఉన్నారు. నాలుగో రోజున తిరిగొచ్చి, గుమ్మంలో నిలబడే "అందరూ బాగున్నారు. మీ అమ్మ నీకు ఇది ఇమ్మంది" అని చేతిరుమాల్లో కట్టిన పసుపు, కుంకుమ ఇచ్చారు. ఆయన కుడిభుజం మీద చర్మం కమిలి నల్లబడింది. దానికి వెన్న రాస్తూ అత్తయ్యగారు నాతో ఏమీ అనలేదు. నా వీపు నిమిరారు.

మా వారికి మాత్రం తండ్రి మీద ఒక కొరత ఉండేది. చిన్నప్పుడు ఇంటిల్లిపాదీ సినిమాకి వెళ్తే, కంతలోంచి కనపడాలని మావయ్యగారు వీళ్లను ఎప్పుడూ కుర్చీల్లో ఎడమ చివర కూర్చోమనేవారట. రెండో ఆట అయ్యాక నిద్రపోయిన కొడుకుని భుజానేసుకుని నడిపించిన సైకిలు సంగతి మావారే చెబుతారు. "అందరూ వాళ్ల నాన్నల పక్కన కూర్చుని చూసేవారు. మా నాన్న నా వెనకాల ఎక్కడో ఉండేవాడు" అంటారు. సాయంత్రం పెళ్లిళ్లకు, స్కూలు వార్షికోత్సవాలకు కూడా ఆయన రాలేదు. ఆ బాధ నిజమైనది. దాన్ని నేను తీసెయ్యలేను, తీసెయ్యాలని చూడలేదు కూడా.

తర్వాత పెట్టెలు రావడం ఆగిపోయింది. గురువారం రాత్రి రేకు పెట్టెల్లో దిగే రీళ్లకు బదులు, బొమ్మ ఉపగ్రహం నుంచి నేరుగా దిగడం మొదలైంది. 2012లో మావయ్యగారు పని మానేశారు. రెండేళ్లకు మావారు ఆయన్ని భీమవరం తీసుకెళ్లి సినిమా చూపించారు. జీవితంలో మొదటిసారి తండ్రీకొడుకులు పక్కపక్కన కూర్చున్నారు. ఆట మొదలైన ఇరవై నిమిషాలకు మావయ్యగారు కూర్చున్నచోటే నిటారుగా అయ్యారట. కళ్లు తెర పై కుడిమూలకు వెళ్లిపోయాయి. మళ్లీ ఇరవై నిమిషాలకు అలాగే. డిజిటల్ బొమ్మలో చుక్క ఉండదు. "నాన్నా, నువ్వేం చెయ్యక్కర్లేదు, చూడు" అని మావారు ఆయన చేతి మీద చెయ్యి వేసి, సినిమా అయిపోయేదాకా తియ్యలేదట. ఇంటికొచ్చి కథ ఏమిటని అడిగితే ఇద్దరూ సరిగ్గా చెప్పలేకపోయారు.

మావయ్యగారు పనిచేసిన హాలు కల్యాణమండపం అయింది. మా అమ్మాయి పెళ్లి అక్కడే చేశాం, ఆయనే అడిగి మరీ చేయించారు. నేలను చదును చేసి గ్రానైటు పరిచారు. తెర ఉన్నచోట పెళ్లి మండపం వచ్చింది. వెనక గోడ మీద మాత్రం ఆ రెండు కంతలు అలాగే ఉన్నాయి, రంగు వేశారు గానీ పూడ్చలేదు. తలంబ్రాలు పోసుకుంటుండగా కరెంటు పోయింది. ఒక్కసారిగా చీకటి. పిల్లలు కేకలు పెట్టారు. జనంలో సగంమంది అలవాటు కొద్దీ వెనక్కి తిరిగారు.

ముందు వరసలో మావయ్యగారు లేచి నిలబడ్డారు. చేతికర్ర పక్కన పడిపోయింది. ఒక చెయ్యి జేబులో టార్చి కోసం వెతుకుతోంది. "ఒక్క నిమిషం, ఒక్క నిమిషం" అంటున్నారు, ఎవరితోనో. నేను వెళ్లి చెయ్యి పట్టుకునేలోపే జనరేటరు మొదలై లైట్లు వచ్చాయి. తలంబ్రాల బియ్యం మనవరాలి జడలో మెరుస్తోంది. ఆయన అటు చూసి, కంతల వైపు చూసి, నా చెయ్యి ఆసరాగా మెల్లగా కూర్చున్నారు. "తెలియలేదు కదూ అమ్మాయ్, ఎవరికీ?" అన్నారు.

"తెలియలేదు మావయ్యగారూ" అన్నాను.