తాత బస్సు తప్పించింది మా స్క్రిప్టే

పోస్ట్ కొంచెం పెద్దది, ఓపికగా చదవండి.

మా హాస్టల్ లైబ్రరీలో ఒక పాత ఉబుంటు మెషీన్ ఉంది. మా ఊళ్ల పోడు పట్టాలు, 2006 చట్టం కింద పెట్టిన క్లెయిమ్ కాగితాలు స్కాన్ చేసి అందులోనే దాచాం. కాలేజీ నుంచి వచ్చి సాయంత్రం 5:30కి ఆన్ చేస్తాం. ఊళ్ల నుంచి ప్రింట్ కోసం వచ్చేవాళ్లకి ఆఖరి బస్సు 6:15కి. సరిగ్గా ఆ టైంలోనే మెషీన్ బిగుసుకుపోయేది. ఫైల్ తెరిస్తే తెరుచుకోదు. ఒకరోజు ఒక తాత గంట కూర్చుని, "రేపు రమ్మంటారా బాబూ?" అన్నాడు. బస్సు వెళ్లిపోయింది. ఆ రాత్రి మా రూంలోనే పడుకున్నాడు.

"మనకిచ్చేవన్నీ పాతవే కదా" అని తిట్టుకున్నాం. ఆ మాట అబద్ధమేం కాదు. కానీ దాన్ని పట్టుకుని నాలుగు నెలలు అసలు సంగతి చూడలేదు.

చివరికి టాప్ కమాండ్ కొట్టి చూశాం. లోడ్ 9 దాటింది, ప్రాసెసర్ మాత్రం దాదాపు ఖాళీ. 'డబ్ల్యూఏ' దగ్గర అంకె 80 పైన. అంటే అందరూ డిస్క్ కోసం ఎదురుచూస్తున్నారు. డిస్క్‌ని ఎవరు తింటున్నారో ఐఓటాప్ చూపించింది: సీపీ, అంటే కాపీ కమాండ్.

24 గంటలూ నడిచే సర్వర్లో రోజువారీ పనులు పొద్దున 6:25కి అయిపోతాయి. మనది అప్పుడు ఆపేసి ఉంటుంది. తప్పిన పనుల్ని అనాక్రాన్ గుర్తుపెట్టుకుని, ఆన్ చేసిన 5 నిమిషాలకి మొదలుపెడుతుంది. క్రాన్ డైలీ ఫోల్డర్లో ఉన్నవి పేర్ల వరసలో ఒకటయ్యాక ఒకటి నడుస్తాయి. ఒక్కొక్కదాన్ని టైమ్ కమాండ్‌తో చేత్తో నడిపి చూశాం. అన్నీ కలిపి 5 నిమిషాలు. 'బ్యాకప్' అన్నది ఒక్కటే 40 నిమిషాలు.

అది మేం పెట్టుకున్నదే! నిరుడు ఒక సీనియర్ అన్న డిస్క్ పోతుందన్న భయంతో రాశాడు. రోజూ మొత్తం కాగితాల్ని యూఎస్‌బీ డిస్క్‌లోకి తారీఖు పేరుతో మళ్లీ కాపీ చేస్తుంది. అన్నని ఏమీ అనలేం. అప్పుడు ఉన్నవి 200 పేజీలే.

మాలో ఒకరు "అనాక్రాన్‌నే తీసేద్దాం" అన్నారు. తీసేస్తే లాగ్ ఫైళ్లని సర్దే లాగ్‌రొటేట్ కూడా ఆగిపోతుంది, బ్యాకప్ కూడా ఉండదు. డిస్క్ చచ్చిందంటే ఆ కాగితాలు కొన్నింటికి ఒరిజినల్ ఎవరి దగ్గరా లేదు. వద్దన్నాం.

కాపీ బదులు ఆర్‌సింక్ పెట్టాం. సైజు, టైం పోల్చుకుని మారిన ఫైళ్లే తీసుకుంటుంది. ఇక్కడ పొరపాటున చెరిపితే అక్కడా పోకూడదని డిలీట్ ఆప్షన్ కావాలనే పెట్టలేదు. స్క్రిప్ట్‌ని డైలీ ఫోల్డర్ నుంచి తీసి, క్రాన్‌లో రాత్రి 7:45కి మార్చాం. మామూలు క్రాన్ తప్పిపోయిన పనిని మళ్లీ చేయదు, అందుకే "8 లోపు ఆపొద్దు" అని మెషీన్ మీద కాగితం అంటించాం. ఇప్పుడు 2 నిమిషాల్లో అయిపోతోంది. పాత తారీఖు కాపీల్లో నెలకొకటి ఉంచి మిగతావి తీసేశాం.

మొన్న తాత మళ్లీ వచ్చాడు. 5:40కి ప్రింట్ చేతిలో పెట్టాం. "ఇవాళ రూం ఖాళీ లేదా ఏంది?" అని నవ్వాడు.