స్విచ్ నొక్కితే లైటు వెలగాలి

"సౌండ్ పెంచితే ఫైట్లు చెవులు పగలగొడుతున్నాయి, తగ్గిస్తే మాటలు వినపడటం లేదండీ!" హైదరాబాద్‌లో ఇళ్లకు హోమ్ థియేటర్లు, ఆటోమేషన్ బిగించే పనిలో నేను తరచుగా వినే ఫిర్యాదు ఇది. చాలామంది అప్పటికే స్పీకర్లు మార్చేయాలని తీర్మానించుకుని ఉంటారు. నేను ముందు రిసీవర్ మెనూ తెరుస్తాను. 5.1 సౌండ్‌లో మాటలు ఎక్కువగా మధ్య స్పీకర్‌కే వెళ్తాయి. ఇంట్లో ఆ స్పీకర్ లేకపోయినా మెనూలో ఉన్నట్టు పెట్టి ఉంటే, మాటలు ఎటూ కాకుండా పోయి సంగీతం, చప్పుళ్లే మిగులుతాయి. అక్కడ 'లేదు' అని మారిస్తే మాటలు ఎడమ కుడి స్పీకర్లకు మళ్లుతాయి. రూపాయి ఖర్చు ఉండదు.

ఇంకొన్నిచోట్ల తప్పు వైర్లలో ఉంటుంది. రెండు స్పీకర్లలో ఒకదానికి ప్లస్, మైనస్ తారుమారైతే బేస్ పలచబడుతుంది, గొంతు ఎటునుంచి వస్తోందో తెలియదు. గోడలోపలి వైరు కాబట్టి కంటికి కనిపించదు. అందుకే నా సంచిలో ఎప్పుడూ ఒక పెన్సిల్ సెల్ ఉంటుంది. రిసీవర్ దగ్గర వైర్లు ఊడదీసి, 1.5 వోల్టుల ఆ సెల్‌ను ఒక్క క్షణం తాకిస్తాను. 'టక్'మంటుంది. అవతల గ్రిల్ తీసి చూస్తున్న మా కుర్రాడు వూఫర్ కోన్ బయటికి వచ్చిందో లోపలికి పోయిందో చెబుతాడు. బయటికి వస్తే సెల్ ప్లస్ తాకిన వైరే ప్లస్.

స్పీకర్లో 'గుయ్య్'మనే మోత ఉంటే పద్ధతి వేరు. అది మన 50 హెర్ట్జ్ కరెంటు మోతే. కేబుళ్లు ఒక్కొక్కటే పీకుతూ వస్తే ఏదో ఒకదాని దగ్గర మోత ఆగుతుంది. చాలాసార్లు అది బయటి నుంచి వచ్చే కేబుల్ టీవీ వైరే. దానికీ ఇంటి ఎర్త్‌కూ మధ్య వోల్టేజీ తేడా ఉంటే మోత పుడుతుంది. ఆ వైరుకు ఐసోలేటర్ పెడితే సరిపోతుంది. కొందరు త్రీపిన్ ప్లగ్గులో ఎర్త్ పిన్ విరిచేసి మోత పోయిందంటారు. రేపు లోపల ఇన్సులేషన్ దెబ్బతింటే ఆ రిసీవర్ ముట్టుకున్నవాళ్లకు షాక్ కొడుతుంది. ప్రాణాల మీదికి తెచ్చే పని అది. నా కళ్లముందు ఎవరినీ చేయనివ్వను.

ఆటోమేషన్ తలనొప్పులు మరో రకం. అర్ధరాత్రి కరెంటు పోయి వస్తుంది, బెడ్‌రూమ్‌లో లైట్లన్నీ భగ్గున వెలుగుతాయి. స్విచ్ పాడైందనుకుంటారు. కరెంటు వచ్చాక ఏం చేయాలో చెప్పే సెట్టింగ్ యాప్‌లోనే ఉంటుంది. దాన్ని 'పాత స్థితి'కి మార్చాలి. కొత్త స్విచ్ ఫోన్‌కి దొరకట్లేదంటే ముందు వైఫై చూస్తాను. ఈ స్విచ్‌లలో ఎక్కువ భాగానికి 2.4 గిగాహెర్ట్జ్ తప్ప 5 గిగాహెర్ట్జ్ అందదు.

అన్నిటికన్నా బాధ కలిగించేది అమెరికాలో పిల్లలున్న ఇళ్ల సంగతి. కొడుకు సెలవుల్లో వచ్చి అమ్మానాన్నల సుఖం కోసం ఇల్లంతా స్మార్ట్ చేసి వెళ్తాడు. అకౌంట్ అతని నంబరు మీదే ఉంటుంది. తర్వాత ఎప్పుడో ఇక్కడ ఇంటర్నెట్ వాళ్లు రూటర్ మారుస్తారు, దాంతో యాప్‌లో అన్నీ ఆఫ్‌లైన్. మళ్లీ కలపాలంటే ఓటీపీ డాలస్‌కి పోతుంది. అప్పటికి అక్కడ అర్ధరాత్రి. "వాడిని లేపొద్దులే బాబూ, చీకట్లోనే సర్దుకుంటాం" అంటుంది ఆ తల్లి. అందుకే మొదటి అకౌంట్ ఇంట్లో ఉండేవాళ్ల నంబరుతోనే తెరుస్తాను. పిల్లల్ని సభ్యులుగా చేరుస్తాను.

గోడ మీది స్విచ్‌నూ పీకేయనివ్వను. దాని వెనకే కూర్చునే రిలే మాడ్యూల్ పెడతాను. ఫోన్ నుంచీ పనిచేస్తుంది, చేత్తో నొక్కినా పనిచేస్తుంది. దీనికి చాలావరకు స్విచ్ బాక్సులో న్యూట్రల్ వైరు కావాలి. న్యూట్రల్ అక్కర్లేని మాడ్యూళ్లు బల్బు గుండానే కాస్త కరెంటు తీసుకుంటాయి కాబట్టి, ఆపేసినా ఎల్‌ఈడీ మసక మసగ్గా వెలుగుతూ ఉండొచ్చు.

ఇల్లు కట్టుకుంటున్నవాళ్లకు నేను చెప్పేది ఇదే. ప్రతి స్విచ్ బాక్సుకూ న్యూట్రల్ లాగించండి, బాక్సులు లోతైనవి పెట్టించండి. టీవీ నుంచి రిసీవర్ దాకా కనీసం 25 మిల్లీమీటర్ల పైపు, ఎల్బోలు లేకుండా పెద్ద వంపులతో వేయించండి. హెచ్‌డీఎంఐ కేబుల్ ఏడెనిమిది మీటర్లు దాటేట్టయితే ఆప్టికల్‌ది కొనండి. దానికి సోర్స్ చివర, డిస్‌ప్లే చివర వేర్వేరు. తిరగేసి లాగితే బొమ్మ రాదు, మళ్లీ మొత్తం బయటికి లాగాల్సిందే.

పని అప్పగించే ముందు రూటర్ ఆపేస్తాను. ఇంట్లో అందరికన్నా పెద్దవాళ్లను పిలిచి లైటు, ఫ్యాను, టీవీ వాళ్ల చేత్తోనే వేయమంటాను. ఫోన్ పట్టని మనిషికి కూడా ఇల్లు మాట వింటేనే నా పని పూర్తయినట్టు. మిగతా డబ్బు ఆ తర్వాతే తీసుకుంటాను.