చలి మూలుగు

ఆదిలాబాద్ చలి ఎంతో కొబ్బరినూనె సీసాని అడిగితే చెబుతుంది. డిసెంబరు, జనవరి నెలల్లో ఒక్కొక్క తెల్లవారుజామున 6, 7 డిగ్రీలకు దిగుతుంది మరి! ఆ చలికి మా పాత కారు కూడా మూలగడం మొదలెట్టింది, అదీ స్టీరింగు తిప్పినప్పుడే.

"చలికి అంతేలే" అన్నారు మావారు. సగం నిజమే. పవర్ స్టీరింగులో నూనె చలికి చిక్కబడుతుంది, దాన్ని లాగలేక పంపు మూలుగుతుంది. కాస్త దూరం పోయి నూనె వేడెక్కాక ఊరుకోవాలి. మాది ఊరుకుంటేనా! వచ్చే ఆదివారం నిర్మల్‌లో మా అక్క కూతురి సీమంతం. మధ్యలో మహబూబ్ ఘాట్ మలుపులు. అక్కడ పంపు చేతులెత్తేస్తే స్టీరింగు రాయిలా బిగుస్తుంది.

పట్టుబట్టి మెకానిక్‌కి చూపించాను. నూనె డబ్బా మూత తీస్తే గీత కిందికి పోయి ఉంది, పైన నురగ. రబ్బరు గొట్టం అతుకు దగ్గర కారుతోంది, నూనె తగ్గి గాలి దూరిందట. "కీచుమంటే బెల్టమ్మా, మూలిగితే నూనె" అన్నాడు. (పోపు చప్పుడుతో నూనె కాగిందో లేదో చెప్పే మనకి ఇదో విద్యా?) గొట్టం మార్చి, ఆ బండికి చెప్పిన నూనే పోసి, స్టీరింగు అటూ ఇటూ తిప్పి గాలి పోగొట్టాడు. కొత్త కార్లలో చాలావాటికి ఈ నూనె బాధే లేదట, కరెంటు మోటారుంటుంది.

ఆదివారం ఘాట్ మలుపుల్లో కారు కిక్కురుమనలేదు. మావారే, "చూశావా, ఎండెక్కాక అదే ఊరుకుంది" అన్నారు.